పనివారి ఆరోగ్యం - మన పిల్లలకు ఒక దారి



2020 మే 7 తెల్లవారకముందే మన గోపాలపట్నం పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లేచి, నిద్రలో ఉన్న ఇళ్లను కమ్మేసింది. పన్నెండుమంది పోయారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి. ఒకసారి వేడెక్కిందంటే ఆ వేడి తనంతట తానే పెరుగుతుంది. రోజూ ఆ వేడిని చూసుకునే మనిషి ఫ్యాక్టరీకే కాదు, ఊరికే కాపలా.

ఆ కాపలా ఒక మంచి ఉద్యోగం కూడానండి. పాత ఫ్యాక్టరీల చట్టం వెయ్యిమంది పనిచేసేచోట సేఫ్టీ ఆఫీసరు ఉండాలన్నది. 2020లో చేసిన కోడ్ దాన్ని 500కు, ప్రమాదకరమైన పనులున్నచోట 250కి దించింది. ఇంజనీరింగు గాని, ఫిజిక్సు, కెమిస్ట్రీలతో డిగ్రీ గాని చదివి, కొన్నేళ్లు ఫ్యాక్టరీలో పనిచేసి, ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా చేయాలి. ఎం.బి.బి.ఎస్. వారికి ఎ.ఎఫ్.ఐ.హెచ్. అని మూడు నెలల కోర్సుంది. నర్సింగు చదివిన మన ఆడపిల్లలకూ ఫ్యాక్టరీ వైద్యకేంద్రాల్లో పనుంది.

ఉర్దూ మీడియం మాస్టరుగా ఒక్కమాట. సేఫ్టీ ఆఫీసరుకు కార్మికుల భాష బాగా రావాలని ఫ్యాక్టరీ నిబంధనలు కోరుతూ వచ్చాయి. ఇక్కడ ఆ భాష తెలుగే. ఉర్దూను ప్రాణంలా నిలుపుకుందాం. తెలుగు చదవడం, రాయడం కూడా గట్టిగా నేర్పిద్దాం. ప్రమాదం వచ్చిన నిమిషంలో తడుముకుంటే కుదరదు.

సొసైటీ పెద్దలకు నా విన్నపం: చదువుల సాయంలో ఈ డిప్లొమాకూ చోటివ్వండి. పిల్లవాడికి రోజీ, పదిమందికి ఖిద్మత్ రెండూ ఇందులో ఉన్నాయి.

ఖుదా హాఫిజ్.