సూత్రమును, దాని హద్దులును



తెలుగునాట ఇంజనీరింగు విద్య నభ్యసింపగోరు విద్యార్థి దాటవలసిన గడప యొకటి కలదు. 1986లో ఎంసెట్ అను పేర వెలసిన యా ప్రవేశపరీక్ష నేడు రెండు తెలుగు రాష్ట్రములందును ఈఏపీసెట్ అను పేర జరుగుచున్నది. కాలము మూడు గంటలు, ప్రశ్నలు 160. అందు గణితమునకు 80, భౌతిక రసాయన శాస్త్రములకు చెరి 40. లెక్కించి చూచినచో ప్రశ్న యొక్కింటికి 68 సెకనులు నిండవు.

ఈ స్వల్పవ్యవధిని తలచి విద్యార్థి భయపడును. భయముచే సూత్రములను వల్లించును. ప్రశ్న కొంచెము వేషము మార్చుకొని రాగానే ఏ సూత్రము వాడవలెనో తోచక నిలిచిపోవును. పాణిని సూత్రములు కంఠస్థమైనంత మాత్రమున ఎవడును వైయాకరణుడు కాడు. సూత్రమెచట ప్రవర్తించునో, ఎచట ప్రవర్తింపదో ఉదాహరణములతో నెరుగవలెను. భౌతికశాస్త్రమునకును ఇదియే నీతి.

లోలకమును తీసికొందము. దాని పొడవును గురుత్వత్వరణముచే భాగించి, వర్గమూలము తీసి, పై విలువకు రెట్టింపుచే గుణించినచో డోలనకాలము వచ్చును. ఇందు గుండు బరువు ప్రసక్తి లేదు. కావున గుండు బరువు రెట్టింపైనను కాలము మారదు. పొడవు నాలుగింతలైనచో కాలము రెండింతలగును. ఊపు చిన్నదైనపుడే ఈ సూత్రము చెల్లును. ఇక లోలకము వ్రేలాడు లిఫ్టు త్రాడు తెగి స్వేచ్ఛగా పడుచున్నచో డోలనకాలమెంత యని ప్రశ్న వచ్చును. వల్లించినవాడు అంకెలకై వెదకును. తెలిసినవాడు, అచట బరువే తోపదు గనుక లోలకము ఊగనే ఊగదని క్షణములో గ్రహించును. వేగము తెలివి వెంట వచ్చునేగాని తొందర వెంట రాదు.

జమాఖర్చులు వ్రాయువాడు రూపాయలలో బస్తాలను కలుపడు. అటులే సమీకరణమున ఇరుప్రక్కల ప్రమాణములు సరిపోవలెను. పైన చెప్పిన పొడవును త్వరణముచే భాగింపగా సెకనుల వర్గము మిగులును. దాని మూలము సెకను. కోరినది కాలమే గనుక పద్దు సరిపోయినది. అయితే గుణకము జారిపోయినచో ఈ తనిఖీకి చిక్కదు. దానిని వేరుగా జ్ఞప్తియందుంచుకొనవలెను.

విద్యార్థి దినమున కొక్క భాగము చదివి, లెక్కలు స్వహస్తముతో చేయవలెను. తప్పినవానిని వేరొక పుస్తకమున వ్రాసి, వారము గడచిన పిమ్మట చూడకుండ మరల చేయవలెను. పాఠము స్థిరపడిన తరువాతనే గడియారము నెదుట నుంచుకొని పాత ప్రశ్నపత్రములకు పూనుకొనవలెను. తప్పు సమాధానమునకు మార్కులు తగ్గింపరు గనుక ఏ ప్రశ్నను విడువరాదు.

పట్టణములందలి శిక్షణాలయముల రుసుము చెల్లింపలేని తల్లిదండ్రులు ప్రతి గ్రామమునను కలరు. వారి బిడ్డలు తాము పరీక్షకు తగమని ముందే తలవంచుట న్యాయము కాదు. పరీక్షకు మూలము ఇంటర్మీడియట్ రెండు సంవత్సరముల పాఠ్యవిషయమే. ప్రశ్నలు తెలుగునను ఉండును. కావలసినవి పాఠ్యగ్రంథములు, పాత ప్రశ్నపత్రములు, దీపము, గడియారము, నిశ్శబ్దము. ఈ యైదును గ్రంథాలయము సమకూర్పగలదు. రజతోత్సవ సంవత్సరమున ఈ భవనపు తలుపులు పరీక్షాకాలమంతయు రాత్రి పదిగంటల వరకు తెరచియుంచుటకు పెద్దలు పూనుకొందురు గాక! ఉత్సవమునకు అంతకు మించిన శోభ లేదు.