ఇంజనీరింగు చదువులు – జీతములు – పంచాయతీల బాధ్యత



మీ గ్రామమున సిమెంటు రోడ్డు వేసినపుడు సహాయక ఇంజనీరు వచ్చి, టేపుతో కొలిచి, కొలతల పుస్తకమున వ్రాసి సంతకము చేయును. ఆ సంతకము లేనిదే బిల్లు కాదు. పదవ తరగతి పిమ్మట మూడేండ్లు చదివిన పాలిటెక్నిక్ డిప్లొమా ఆ ఉద్యోగమునకు చాలునని మీలో ఎందరికి తెలియును?

2022లో తెలంగాణ పబ్లిక్ సర్వీసు కమిషన్ ఇచ్చిన ప్రకటనలో సహాయక ఇంజనీరు మూలవేతనము 45,960 రూపాయలతో మొదలై 1,24,150 రూపాయలవరకు పోవును. నాలుగేండ్ల డిగ్రీ కోరు సహాయక కార్యనిర్వాహక ఇంజనీరు వేతనము 54,220తో మొదలగును. తొలినాటి వ్యత్యాసము 8,260 రూపాయలు మాత్రమే.

అయితే ఒక మాట దాచరాదు. సర్కారు కొలువులు కొద్ది. ఆ సహాయక ఇంజనీర్ల పరీక్ష ప్రశ్నపత్రము బయటపడుటచే 2023లో రద్దయి, మరల జరిగినది. కనుక ఆ ఒక్క ఆశతో ఏండ్లు గడుపుట తగదు.

నేడు ప్రతి ఇంట కంప్యూటరు చదువే వినబడుచున్నది. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు సామాన్య పట్టభద్రునికి తొలుత ఇచ్చునది ఏటికి మూడు, నాలుగు లక్షలు. పదేండ్లకు పైగా ఈ మొత్తము అంతగా పెరుగలేదు. నేర్పరి కొద్ది ఏండ్లలోనే ఎన్నో రెట్లు ఆర్జించును; నేర్పు లేనివాడు పట్టా చేతబట్టి హైదరాబాదు హాస్టలులో ఎదురుచూచును. సివిల్, మెకానికల్ శాఖలవారికి ప్రైవేటు సంస్థలలో తొలి జీతము తరచు తక్కువ, అనుభవముతో పెరుగును. పని మాత్రము ఎండలో, యంత్రముల నడుమ.

ఇక మన ప్రాంతము చూడుడు. జగిత్యాల జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల 2007లో కొండగట్టు చెంత నాచుపల్లిలో వెలసినది. 2021లో సిరిసిల్లకును అట్టి కళాశాల వచ్చినది. సిరిసిల్లలో సాంచాలు వేలసంఖ్యలో గలవు. సాంచె ఆగిన ఆసామికి నష్టము, కార్మికునికి పస్తు. 1970లో ఏర్పడిన సహకార విద్యుత్ సరఫరా సంఘము అచ్చటి పల్లెలకు కరెంటు ఇచ్చుచున్నది. మెకానికల్, ఎలక్ట్రికల్ విద్యార్థికి పని నేర్చు చోటు ఇంటి ముంగిటనే గలదు. జగిత్యాల, కోరుట్ల పల్లెలనుండి గల్ఫ్ దేశములకు పోవువారు ఎందరో. ఒకే ఎండలో, ఒకే కట్టడమువద్ద కూలిగా నిలుచువానికిని, డిప్లొమాతో పర్యవేక్షకుడుగా నిలుచువానికిని జీతములో ఎంతో అంతరము గలదు.

కావున మేము మిమ్ము కోరునవి మూడు. మొదటిది, పదవ తరగతి పిల్లల జాబితా వ్రాసి, పాలీసెట్ దరఖాస్తు గడువును గ్రామసభలో చదివి వినిపించుడు. రెండవది, డిప్లొమా ముగించినవారు ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున నేరుగా చేరవచ్చునని తెలుపుడు. మూడవది, మీ ఊరి ఇంజనీర్లు పండుగకు వచ్చినపుడు రచ్చబండవద్ద కూర్చుండబెట్టి, వారి పని, వారి జీతము ఉన్నదున్నట్లు చెప్పించుడు.

యాజమాన్యపు సీటుకై ఎకరము అమ్మదలచిన తండ్రి, ఆ నిర్ణయమునకు ముందే ఈ మాటలు వినవలెను. అమ్మిన పిదప విని ప్రయోజనమేమి? ఆ తండ్రి మీ వార్డులోనే ఉన్నాడు. అతనిని ముందుగా కలిసికొనవలసినవారు మీరే.