స్త్రీ విద్యయు మన కర్తవ్యమును



స్త్రీల సామర్థ్యమునకు నిదర్శనములను దూరదేశములందు వెదుకనక్కరలేదు. మన మందసా జమీందారీ రైతులు అడవి కలపకై పోరాడిన దినములలో, గుడారి రాజమణిపురమునకు చెందిన సాసుమాను గున్నమ్మ యను రైతు స్త్రీ 1940 ఏప్రిల్ 1వ తేదీన పోలీసుల కాల్పుల కెదురునిలిచి ప్రాణమర్పించెను. ఆమదాలవలస ప్రాంతపు ఊసవానిపేట యాడుబిడ్డ కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో రెండెత్తులు కలిపి 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము గైకొనెను. ఒలింపిక్ పతకము బడసిన ప్రథమ భారతీయ మహిళ ఆమెయే. బరువులెత్తుట మగవారి పని యను మాట ఆనాటితో వీగిపోయినది.

ఇక పలాసలో జీడి పిక్కలనుండి పప్పు తీయు స్త్రీలను జూడుడు. తొక్కలోని జీడి చేతులను పొక్కించుచున్నను, పప్పు విరుగకుండ తీయు ఆ నేర్పు అల్పవిద్య కాదు. ఆ కూలితోనే బిడ్డలను చదివించు తల్లులు కలరు. వృత్తులు వేరైనను పూనిక యొక్కటియే.

అట్లుండియు, పదవ తరగతి ముగియగనే టెక్కలికో శ్రీకాకుళమునకో పంపవలసివచ్చునని వెనుదీసి, మనలో పలువురు ఆడుపిల్ల చదువు నిలుపుచున్నారు. మగపిల్లవానినైనచో అప్పుచేసియైనను పంపుదురు. ఇది ధర్మమా?

కావున దాతలకు నా విన్నపము: సన్మానపు శాలువలకు వెచ్చించు సొమ్ములో సగమైనను బాలికల వసతిగృహ వ్యయమునకు కేటాయింపుడు. రాబోవు సభలలో ఆ బాలికలే ఈ వేదికపై నిలిచి మాటలాడుదురు గాక!