స్వాతంత్ర్యము వచ్చిన తరువాత: టాంజానియా దేశపు అనుభవము
(శతాబ్ది ఉత్సవముల సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



క్రొత్తగా స్వతంత్రమైన దేశములలో రాజకీయ, ఆర్థిక, సాంఘిక మార్పులను గూర్చి మాటలాడవలెనని నిర్వాహకులు మమ్మును కోరినారు. ఆసియా, ఆఫ్రికా ఖండములను ఇరువది నిమిషములలో చుట్టివచ్చుట మా వలన కాదు. గనుక ఒక్క దేశమును, అందులోను ఒక్క సంగతిని పట్టుకొందుము. అది తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా. మేము వేదాంత కళాశాలలో చదువుచున్న దినములలో ఆ దేశపు నాయకుడైన జూలియస్ న్యెరేరే పేరు విననివాడు లేడు. మాకు ఆయన ఒక వీరునివలె కనబడినారు. తరువాత మరికొంత చదివినమీదట ఆ అభిమానము పోలేదు గాని, దానితోకూడ ఒక బాధయు చేరినది. ఆ రెంటిని మీ యెదుట ఉంచుచున్నాము.

ఆ దేశపు ప్రధాన భాగమైన టాంగన్యీకా మొదట జర్మనీవారి క్రింద, మొదటి ప్రపంచ యుద్ధము తరువాత ఇంగ్లీషువారి క్రింద ఉండినది. 1961 డిసెంబరు 9న స్వతంత్రమైనది. 1964లో జాంజిబార్ దీవులతో కలిసి టాంజానియా అయినది. నూట ఇరువదికి పైగా తెగలు, తెగకొక భాష. చదువ వ్రాయగలవారు బహు కొద్దిమంది. ఎగుమతులలో ముఖ్యమైనది కిత్తనార. ఆ నారకు ధర లండనులో నిర్ణయించెడివారు, పండించువాడు నిర్ణయించెడివాడు కాడు. 1960ల నడుమ ఆ ధర పడిపోగా ఆ నారవలన వచ్చు ఆదాయమే పడిపోయినది. జెండా మారినది గాని తక్కెడ మారలేదు.

న్యెరేరేగారు బడిపంతులు. ఆ జనులు ఆయనను 'మ్వాలిము' అని పిలిచెడివారు. మన భాషలో పంతులుగారు అన్నట్లే. 1967 ఫిబ్రవరిలో అరూషా పట్టణమున చేసిన ప్రకటనలో, పరుల ధనముమీద ఆధారపడక స్వశక్తితో నిలువవలెననియు, రైతే దేశమునకు పునాది అనియు చెప్పినారు. ఆ వారములోనే బ్యాంకులు జాతీయమైనవి. అదే ప్రకటనలో నాయకులకు ఒక నియమము పెట్టినారు: పార్టీలోను ప్రభుత్వములోను పెద్ద పదవిలో ఉన్నవాడు కంపెనీలలో వాటాలు ఉంచుకొనరాదు, రెండు జీతములు తీసికొనరాదు, ఇండ్లు కట్టి అద్దెలకు ఇయ్యరాదు. ఈ నియమము మన జిల్లాలో పెట్టినచో ఎన్ని నామినేషన్లు పడునో మీరే ఊహించుకొనుడు.

ఆయన కోరిక పేరు 'ఉజామా', అనగా కుటుంబభావము. చెదరి బ్రతుకుచున్న రైతులు ఒక్కచోట చేరి, కలిసి దున్ని, బడిని, ఆసుపత్రిని, మంచి నీటిని సంపాదించుకొనవలెనని ఆయన తలంపు. తలంపు మంచిది. అయితే అది జరిగిన విధమును చూడవలెను.

దేశపు దక్షిణమున సొంగేయా ప్రాంతములో లితోవా అను చిన్న గ్రామమున్నది. అరూషా ప్రకటనకు కొన్ని ఏండ్లు ముందే అక్కడి కొందరు యువకులు తమంతట తాము కూడి ఉమ్మడి సేద్యము మొదలుపెట్టినారు. మొదటి ఏండ్లలో ఆకలి బాధలు పడినారు. అయినను నిలిచినారు. వారిని చూచి ప్రక్క ఊళ్ళవారు అట్లే చేసినారు. పదిహేనుకు పైగా గ్రామములు కలిసి రువుమా అభివృద్ధి సంఘముగా ఏర్పడినవి. పిండిమర పెట్టుకొన్నారు. లితోవాలో తమ పిల్లలకు తామే బడి నడుపుకొన్నారు. ఏ పొలములో ఏమి వేయవలెనో, పంటను ఎట్లు పంచుకొనవలెనో రాత్రులు కూర్చుండి వాదించుకొని తేల్చుకొనెడివారు. న్యెరేరేగారే ఆ గ్రామములను మెచ్చుకొన్నారు.

అయితే ఆ ప్రాంతపు అధికారులకును పార్టీ పెద్దలకును ఇది గిట్టలేదు. పైనుండి వచ్చిన ఆజ్ఞకు, ఎందుకు అని అడుగువాడు ఎవరికి ఇష్టుడు? 1969 సెప్టెంబరులో పార్టీ కేంద్ర సంఘము ఆ సంస్థను రద్దుచేసినది. పిండిమర మొదలైన ఆస్తులు చేజారిపోయినవి. ఉజామా పేరున ఉజామాను మాన్పినారు.

ఇక మిగిలినది ఆజ్ఞయే. 1968లో న్యెరేరేగారు వ్రాసిన పత్రములో, అభివృద్ధి జనులే చేసికొనవలెను గాని ఒకరు వారికి చేయజాలరనియు, ఈ గ్రామములు బలవంతముమీద ఏర్పడవనియు ఉన్నది. అదే మనుష్యుడు 1973 నవంబరులో, 1976 ముగియులోగా గ్రామీణులందరు గ్రామములలో చేరితీరవలెనని ప్రకటించినారు. మూడు నాలుగు ఏండ్లలో కోటిమందికి పైగా ఈ క్రొత్త గ్రామములకు చేరినారు. కొందరు తమంతట వచ్చినారు. అనేకులను లారీలలో తెచ్చి దించినారు. తిరిగి పోకుండునట్లు పాత ఇండ్లు కాల్చివేసిన చోట్లును కలవు. ఇండ్లు రోడ్డువెంట వరుసగా తీర్చినారు, పొలము మాత్రము మైళ్ళ దూరమున ఉండిపోయినది. రాత్రి అడవిపందులు పంటను తినివేయుచుండగా కాపలా కాయువాడు లేడు. ఏ నేల దేనికి పనికివచ్చునో తాతలనాటినుండి ఎరిగిన రైతును, ఎరుగని నేలమీద నిలువబెట్టినారు. ఆ కాలముననే వానలు తప్పినవి. ధాన్యమును పరదేశములనుండి కొనవలసివచ్చినది. 1976లో రైతుల సహకార సంఘములను సహితము రద్దుచేసినారు.

అది చదివినప్పుడు మా మొదటి పాస్టరేటు జ్ఞాపకము వచ్చినది. స్త్రీలు దూరపు బావినుండి నీళ్ళు మోయుచున్నారని జాలిపడి, చందాలు పోగుచేసి గుడి యెదుట బోరు వేయించితిమి. ఏడాది గడిచినను వారు ఆ పాత బావికే పోవుచుండిరి. కారణమడిగితే ఒక పెద్దమ్మ, "ఆ బావి మేము చేలకు పోయే దారిలో ఉంది. అయ్యగారూ, ముందు అడిగియుంటే చెప్పేవాళ్ళం కదా" అన్నది. మాది ఒక బోరు మాత్రమే. వారిది ఒక దేశము.

తప్పంతయు లోపలిదే అనుట న్యాయము కాదు. 1973లో నూనె ధర పెరిగినది, 1979లో మరల పెరిగినది. 1978లో ఉగాండా సైన్యము దండెత్తి రాగా యుద్ధపు ఖర్చు మీదపడినది. చేతిలో పైకము లేక అంతర్జాతీయ ద్రవ్యనిధి యెదుట నిలువవలసివచ్చినది. నాణెము విలువ తగ్గించుడి, ఖర్చు కోయుడి అని వారు పెట్టిన షరతులకు న్యెరేరేగారు ఒప్పుకొనలేదు. ఆయన 1985లో తమంతట పదవి విడిచి స్వగ్రామమైన బుటియామాకు పోయి వ్యవసాయము చేసికొన్నారు. ఆ ఖండములో అప్పటికి అది అరుదైన సంగతి. మరుసటి ఏడాది తరువాతి ప్రభుత్వము ఆ ఒప్పందముమీద సంతకము చేసినది. పొదుపు పేరున బడికి రుసుములు వచ్చినవి, పేద ఇండ్ల పిల్లలు బడి మానినారు. అప్పు కొట్టివేయుటకు సంఘములు అనేక దేశములలో జూబిలీ ఉద్యమమును నడిపినవి. లేవీయకాండములోని సునాద సంవత్సరమునుండియే దానికి ఆ పేరు. 1998లో బర్మింగ్‌హామ్‌లో సుమారు 70,000 మంది చేతులు పట్టుకొని నిలిచినారు. 2001లో టాంజానియాకు అప్పులో పెద్ద భాగము తగ్గినది. ఆ ఏడే ప్రాథమిక బడుల రుసుము తీసివేయగా లక్షలాది పిల్లలు వచ్చి తరగతులలో చోటు చాలలేదు.

న్యెరేరేగారిని ఎట్లు తూచవలెను? ఆయన ఒకే పార్టీ పాలన నడిపినారు, విచారణ లేకయే మనుష్యులను నిర్బంధించు చట్టమును ఉంచుకొన్నారు. సంఘములు నడుపుచున్న బడులను సహితము తీసికొన్నారు. మనకు అది కష్టముగా తోచును గాని, అన్ని మతముల పిల్లలకు సమానముగా తలుపు తెరచుటకే అట్లు చేసినారు. నూట ఇరువది తెగలు స్వాహిలీ అను ఒక్క భాషలో మాటలాడుకొనుచున్నవి. పొరుగు దేశములను కాల్చిన తెగల యుద్ధము ఆ గడ్డను అంటలేదు. వయోజన విద్యకై ఆయన చేసిన కృషికి సమానమైనది ఆ ఖండములో తక్కువ. సహకార సంఘములను రద్దుచేయుట పొరపాటని పదవిలో ఉండగానే ఒప్పుకొన్నారు. 1982లో వాటిని మరల పెట్టుటకు చట్టము వచ్చినది.

లితోవావారి సంఘమును మాత్రము ఎవరును తిరిగి నిలువబెట్టలేదు. ఆ రాత్రులు కూర్చుండి వాదించుకొన్న రైతుల పేర్లు మనకు తెలిసినవి బహు కొద్ది.

సమయము మించినట్లు అధ్యక్షులవారు గంట వైపు చూచుచున్నారు.