సుద్ద గీత, పెన్సిల్ గీత
(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును పిలిచారు కాబట్టి యంత్రాల గురించి మాట్లాడతాననుకుని ఉంటారు. నేను ఇవాళ బట్టల బొమ్మలు గీయడం గురించి మాట్లాడతాను. దానికో కారణం ఉంది.

మా నాయన దర్జీ. కాటేదాన్ కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళకు చొక్కాలు, ప్యాంట్లు కుట్టేవాడు. కొలతలు నోటుబుక్కులో రాసుకుని, గుడ్డను బల్ల మీద పరిచి, సుద్దతో నేరుగా గీసేవాడు. చంక దగ్గర వంపు ఒక్క ఊపులో వచ్చేది. నేను ఈ బడిలో ఫారం నింపేటప్పుడు 'తండ్రి వృత్తి' అన్నచోట 'వ్యాపారం' అని రాశాను. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. రాసింది ఇక్కడే కాబట్టి ఇక్కడే చెబుతున్నాను.

మా అమ్మాయి ఇంటర్ అయ్యాక నిఫ్ట్ ప్రవేశ పరీక్ష రాస్తానంది. హైదరాబాద్‌లో 1995లోనే నిఫ్ట్ వచ్చింది, మాదాపూర్‌కు ఇంటి నుంచే పోయి రావచ్చు అని కూడా చెప్పింది. "మీ తాత మిషన్ ముందు నుంచి మనం లేవడానికి ఒక తరం పట్టింది. మళ్ళీ అక్కడే కూర్చుంటావా?" అన్నాను. బిడ్డ మారు మాట్లాడకుండా బీటెక్ చేసింది. ఉద్యోగంలో చేరింది. రెండేళ్ళ తర్వాత ఒక రాత్రి కాగితం పట్టుకొచ్చి, "నాన్నా, నీకు డ్రాయింగ్ వచ్చు కదా, ఈ బొమ్మ పడిపోతున్నట్టు ఎందుకుంది?" అని అడిగింది.

చూశాను. ఒంటికాలి మీద బరువు వేసి నిలబడ్డ మనిషి. మెడ గుంట నుంచి నిట్టనిలువుగా కిందికి గీత గీస్తే, అది బరువు మోసే పాదం దగ్గర దిగాలి. ఆమె బొమ్మలో బెత్తెడు పక్కకు దిగింది. మేస్త్రీ గోడకు గుండు వేలాడదీసి చూసినట్టే ఇదీ. అది నేను చెప్పాను. మిగతాదంతా ఆమె నాకు చెప్పింది.

మామూలు మనిషి ఎత్తు తన తలకు సుమారు ఏడున్నర రెట్లు. ఫ్యాషన్ బొమ్మలో 9 తలలు గీస్తారు, పెంచిన ఎత్తులో ఎక్కువ భాగం కాళ్ళకే పోతుంది. "ఇది తప్పుడు కొలత కదమ్మా" అన్నాను. "గుడ్డ ఎట్లా జారుతుందో చూపించడానికి చోటు కావాలి నాన్నా. కుట్టేవాళ్ళకు ఇచ్చే బొమ్మ వేరు" అంది. ఆ రెండో బొమ్మలో మనిషి ఉండడు. బట్టను బల్ల మీద పరిచినట్టు ముందువైపు, వెనకవైపు గీసి కుట్లు, గుండీలు, జేబులు, కొలతలు చూపిస్తారు. మా మెషిన్ డ్రాయింగ్ కూడా ఇదే పని చేస్తుంది.

గీతను బట్టి గుడ్డ తెలియాలని కూడా నేర్చుకున్నాను. గంజి పెట్టిన నూలుకు విరుపులు, షిఫాన్‌కు పొడుగాటి జారుడు గీతలు. ముడతలు ఎక్కడపడితే అక్కడ రావు. భుజం, మోచేయి, నడుము లాంటి చోట్ల గుడ్డ పట్టుకుంటుంది, అక్కడి నుంచి మొదలవుతాయి. పోచంపల్లి ఇక్కత్‌కైతే ముందు గ్రాఫ్ కాగితం మీద డిజైన్ గీస్తారు. దాని ప్రకారం నూలుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు. మగ్గం ఎక్కించేది ఆ తర్వాతే. కాగితం మీది తప్పును మగ్గం మీద దిద్దలేం.

ఇది బతుకుతెరువు కాదనుకున్నాను. 1983లో 'గాంధీ' సినిమా దుస్తులకు ఆస్కార్ అందుకున్న భాను అథయ్యా మొదట్లో స్త్రీల పత్రికలకు ఫ్యాషన్ బొమ్మలు గీసిన మనిషి. మన దేశానికి అదే తొలి ఆస్కార్. మన 'మహానటి' దుస్తులకూ జాతీయ అవార్డు వచ్చింది. ఇవి తెలిసే ఉన్నా నా ఇంటి దగ్గరికి వచ్చేసరికి గుర్తురాలేదు.

ఒకరోజు అమ్మాయి తాత నోటుబుక్కు చూపించమంది. ట్రంకుపెట్టెలోంచి తీశాం. నాయన పోయాక నేను దాన్ని విప్పనే లేదు. కొలతల పక్కన అంచుల్లో చిన్న చిన్న బొమ్మలు: ఒక కాలరు, ఒక జేబు మూత, వెనక మడత. ఒకే కాలరు మూడు రకాలుగా గీసి, రెండు కొట్టేసి ఉంది. ఆయన చెప్పినట్టు కుట్టేవాడే అనుకున్నాను. ఆలోచించి గీసుకునేవాడని నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు.

మా అమ్మాయి ఇంకా ఉద్యోగంలోనే ఉంది. తన డిజైన్లతో ఇప్పటికి నాలుగు కుర్తాలు కుట్టించింది. ఒకదానికి చంక పట్టేసింది. తాత ఉంటే ఒక్క చూపుతో చెప్పేవాడు. చెప్పడానికి నాకు ఆ విద్య రాదు.

పిల్లలూ, గీయాలనుంటే ఒక హెచ్‌బీ పెన్సిలు, వాడేసిన కాగితాల వెనకవైపు చాలు. ముందు మీ యూనిఫాం చొక్కా ముందు, వెనక గీయండి. మీ వీధి టైలర్‌కు చూపించి "దీన్ని చూసి కుట్టగలరా?" అని అడగండి. ఆయన వేసే ప్రశ్నలే మీ పాఠాలు.

పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక మనవి. బడిలో వారానికి ఒక డ్రాయింగ్ క్లాసు పెట్టండి. కాగితాలు, పెన్సిళ్ళ ఖర్చు నాది. నెలకొక శనివారం నేనూ వస్తాను, మా అమ్మాయీ వస్తానంది.

చివరిగా ఒక సవరణ. ఈ సంచికలో పూర్వ విద్యార్థుల వివరాల కోసం ఇచ్చిన ఫారంలో మళ్ళీ అదే గడి కనబడింది. తండ్రి వృత్తి: దర్జీ అని రాశాను.

సెలవు.