అఱచేతి వార్తయు ఆప్తవాక్యమును
(సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)

  

నేటి డిజిటల్ సాధనములు ప్రజాభిప్రాయము నెట్లు దిద్దుచున్నవో నాలుగు మాటలు చెప్పుడని మహాసభవారు మమ్ము ఆజ్ఞాపించిరి. మేము చిరకాలము పాఠశాలయందు తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి పొందినవారము. యంత్రముల మర్మము మాకు దెలియదు. కాని మాట యనునది మా వృత్తికి మూలధనము. ఆ మాట నేడు ఏ దారిని వచ్చుచున్నది, దానిని నమ్మినవారి కేమగుచున్నది యను విచారము మాబోటివారికిని తగినదే యని తలంచి యంగీకరించితిమి.

మన న్యాయశాస్త్రమునందు జ్ఞానమునకు నాలుగు ప్రమాణములు చెప్పబడినవి. కన్నులార చూచుట ప్రత్యక్షము. పొగను జూచి నిప్పు నూహించుట అనుమానము. ఎఱిగినదాని పోలికచే ఎఱుగనిదానిని గుర్తించుట ఉపమానము. ఇతరుల మాటవలన దెలిసికొనుట శబ్దము. మనము కాశీని చూడకమున్నే కాశి కలదని నమ్మితిమి. తాతముత్తాతలను చూడకయే వారి పేరులు చెప్పుకొనుచున్నాము. మన యెఱుకలో అధికభాగ మీ నాల్గవ దారినే వచ్చినది. అయినను శాస్త్రకారులు ప్రతి మాటయు ప్రమాణమనలేదు. ఆప్తుని వాక్యమే ప్రమాణమనిరి.

ఈ ఆప్తుడెవడు? లోకవ్యవహారమున ఆప్తుడనగా దగ్గఱివాడు, చుట్టము, స్నేహితుడు. శాస్త్రమున నట్లు కాదు. విషయమును ఉన్నదున్నట్లు ఎఱిగి, ఎఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పగోరువాడు ఆప్తుడు. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని సమానమే యని వాత్స్యాయనుడు తన న్యాయభాష్యమునందు స్పష్టపఱచెను. ఎంతటి యుదారమైన మాట! సత్యము చెప్పుటకు కులము అర్హత కాదు, అనర్హతయు కాదు. నేడు మనము చేయుచున్న పొరపాటు ఈ రెండర్థములను కలిపివేయుటయే. బావగారు పంపిరి, పినతండ్రిగారు పంపిరి, మనవాడే పంపెను గనుక నిజమై యుండునని నమ్ముచున్నాము. పంపినవాడు మనకు ఆప్తుడే కావచ్చును. ఆ మాటను పుట్టించినవాడెవడో మన కెఱుక లేదు.

పూర్వము మాటను అచ్చువేయువాడు పేరు దాచుకొనుటకు వీలు లేకుండెను. 1867వ సంవత్సరపు చట్టము ప్రకారము ప్రతి పుస్తకముపైనను పత్రికపైనను ముద్రించినవాని పేరును, ముద్రించిన స్థలమును ఉండవలసియుండెను. దొరతనమువారు తమ యవసరమునకే యా చట్టమును చేసిరి. అది చిరకాలము నడచి, 2024వ సంవత్సరమున క్రొత్త చట్టమునకు చోటిచ్చినది. వారి యుద్దేశ మెట్టిదైనను, చదువరికి మాత్రము ఒక మేలు కలిగినది: ఈ మాట కెవడు పూచీయో తెలిసియుండెను.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి దురాచారములను ఖండించిరి. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు తమ పత్రికలలో వారి నెదిర్చిరి. ఇరువురును తీవ్రముగనే వ్రాసిరి. కాని ఎవరేమి వ్రాసిరో లోకమునకు తెలియును. ఆ వాదప్రతివాదముల నడుమనే 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిగినది. మఱియొక యుదాహరణము. తెలంగాణమున కవులే లేరని యొక నింద పుట్టగా, గోలకొండ పత్రికా సంపాదకులైన సురవరము ప్రతాపరెడ్డిగారు తిట్టునకు తిట్టు బదులు చెప్పలేదు. 1934లో 354 మంది కవుల రచనలను పేరుపేరున గూర్చి గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. నిందకు అదియే జవాబు. ప్రజాభిప్రాయము ఏర్పడవలసిన త్రోవ యిట్టిది.

ఇట్లనుటచే క్రొత్త సాధనములను మేము నిందించుచున్నామని తలపవలదు. పత్రికలు నడపుట ధనవంతులకును చదువరులకును చెల్లెను గాని, సామాన్యుని మాటకు వానిలో చోటు తక్కువ. నేడు చేనేత మగ్గముకడ నున్న స్త్రీ తన చీర ఫోటోను తానే లోకమునకు చూపగలుగుచున్నది. ఊరిలో మంచినీరు రాలేదని కూలివాడు వీడియో తీసి అధికారికి పంపగలుగుచున్నాడు. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాను జీతము గోరక పలువురు పెంచిరి. మేము చిన్ననాడు నూఱు క్రోసులు పోయినను దొరకని గ్రంథములు నేడు ఇంట కూర్చుండి చదువుచున్నాము. నోరులేనివారికి నోరిచ్చిన సాధనము నెవడు తిరస్కరింపగలడు?

అయినను ఆ సాధనమే చేసిన కీడును చెప్పక తప్పదు. కరాచీ నగరమందు పిల్లల రక్షణకై పాటుపడు ఒక సంస్థ తల్లిదండ్రులను హెచ్చరించుటకై ఒక చిన్న చిత్రమును తీసెను. మోటారు సైకిలుపై వచ్చిన యిద్దరు వీథిలో ఆడుకొను బాలుని ఎత్తుకొని పోవుదురు. మఱుక్షణమున మఱలివచ్చి బాలుని దించి, హెచ్చరిక వ్రాసిన ఫలకమును చూపుదురు. ఎవరో యా కడపటి భాగమును కత్తిరించిరి. మిగిలిన భాగము నిజమైన అపహరణముగా మన దేశమున ఫోనునుండి ఫోనునకు ప్రాకెను. పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు దిగినవను వదంతులు 2018లో దేశమంతట వ్యాపించెను. ఆ మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టయందు భిక్షాటనకై వచ్చిన యొక ట్రాన్స్‌జెండరు స్త్రీని గుంపు కొట్టి చంపెను. జూలై 1వ తేదీని మహారాష్ట్రములోని ధూళే జిల్లా రాయిన్‌పాడా గ్రామమున అయిదుగురు మరణించిరి. వారు ఊరూర తిరిగి బిచ్చమెత్తుకొను సంచారకులమువారు. చంపినవారు తమ బిడ్డలను కాపాడుకొనుచున్నామనియే తలంచిరి. కత్తిరింపబడిన మాట ఎంత పని చేసినదో చూడుడు!

భారతయుద్ధమున ద్రోణాచార్యుడు అస్త్రసన్న్యాసము చేసినదియు సగము మాటవలననే కదా! ధర్మరాజు మెల్లగా పలికిన శేషభాగము గురువు చెవిని బడలేదు. అబద్ధములాడువాడెవడైనను చెప్పియున్నచో ద్రోణుడు నమ్మియుండడు. చెప్పినవాడు సత్యసంధుడని పేరుపొందినవాడు గనుకనే ఆ సగము మాట ప్రాణము తీసెను. కావున నమ్మకము పొందిన పెద్దలు, గురువులు, కులపెద్దలు ఫార్వర్డు చేయు మాటకే ఎక్కువ జాగ్రత్త వలయును. పిల్లలు ఫోను పట్టి చెడిపోవుచున్నారని మనము నిత్యము వాపోవుచుందుము. తెల్లవాఱకమున్నే పదిమందికి పంపువారిలో నెరసిన తలలే యెక్కువగా మాకు గానవచ్చుచున్నవి.

అదే 2018లో తెలంగాణములోని జోగులాంబ గద్వాల జిల్లాలో మఱియొక విధము జరిగినది. అచ్చటి పోలీసు సూపరింటెండెంటైన రెమా రాజేశ్వరిగారు తమ పోలీసులను ఊరూరికి పంపిరి. డప్పు కొట్టించి, జానపద గాయకులచే పాడించి, వచ్చిన వీడియోను వెంటనే నమ్మవలదని నాలుగువందలకు మించిన గ్రామములలో బోధింపజేసిరి. అచ్చట వదంతివలన ఒక్క ప్రాణమును పోలేదు. ముఖము తెలిసిన మనుష్యుడు ఎదుట నిలిచి చెప్పిన మాట ముఖములేని మాటను గెలిచినది.

ఇప్పుడు ప్రత్యక్షమునకును ముప్పు వచ్చినది. 2023 నవంబరులో సినీనటి రష్మికా మందన్నగారి ముఖమును వేఱొక స్త్రీ దేహమునకు అతికించిన వీడియో లోకమంతట తిరిగినది. చూచినవారు తమ కన్నులనే నమ్మిరి. గొంతును సైతము ఇట్లే కల్పించుచున్నారు. కంటితో చూచితిమనుట చాలదు. కన్ను చూచినది అద్దమునే గాని సంగతిని కాదు. కనుక ఫోనులో గానవచ్చునదంతయు శబ్దప్రమాణమే యని యెంచి, చెప్పినవాడెవడని యడుగవలయును.

ఈ మాటలు ఇంత వేగముగా నేల ప్రాకుచున్నవి? ఫేస్‌బుక్, యూట్యూబు వంటివానిని నడపు కంపెనీలకు రాబడి ప్రధానముగా ప్రకటనలవలన. మనము ఎంతసేపు చూచిన వారి కంత లాభము. కోపము, భయము, దురభిమానము మనుష్యుని కదలనీయవు. కావున అట్టి వానికే ముందువరుసలో చోటు దొరకుచున్నది. పదిమంది వ్రాసినదానిని పదివేలమంది తిరుగబంపగా అదియే ప్రజాభిప్రాయమని భ్రమ పుట్టును. దీనిని మనవారు గడ్డరికాప్రవాహన్యాయ మనిరి: ముందరి గొఱ్ఱె దూకినచోట మందయంతయు దూకును. వాట్సాపు కంపెనీ 2018లో మన దేశమున ఒక మాటను ఒకసారి అయిదు చోట్లకు మించి పంపకుండ కట్టుబాటు చేసినది. 2020లో పలుమాఱులు చేతులు మాఱిన మాటను ఒక్క చోటికే పంపునట్లు చేసినది. మంచిదే. కాని తలుపునకు గడియ పెట్టినంత మాత్రమున ఇంటివారికి బుద్ధి రాదు.

అట్లయిన ప్రభుత్వమే కఠినశిక్షలు విధింపవచ్చును గదా యని కొందఱందురు. ఆ దారిని నడచి చూచితిమి. సమాచార సాంకేతిక చట్టమునకు 2008లో చేసిన సవరణచే 66ఎ అను సెక్షను చేర్చబడెను. చికాకు గలిగించు మాట పంపినవానికిని మూడేండ్ల చెఱ విధింపవచ్చును. చికాకు అననేమో చట్టము చెప్పలేదు. 2012 నవంబరులో మహారాష్ట్రములోని పాల్ఘరునందు ఒక నాయకుని మరణమునకై వ్యాపారములు మూయుటను ఒక యువతి ఫేస్‌బుక్కున ప్రశ్నించెను. మఱియొక యువతి దానిని మెచ్చెను. ఇరువురును అరెస్టయిరి. అప్పుడు న్యాయశాస్త్ర విద్యార్థినియైన శ్రేయా సింఘాల్ సుప్రీంకోర్టు తలుపు తట్టెను. 2015 మార్చి 24వ తేదీని తెలుగువారైన జాస్తి చలమేశ్వరుగారును, రోహింటన్ నారిమన్‌గారును ఆ సెక్షనును కొట్టివేసిరి. చర్చ వేఱు, సమర్థనము వేఱు, నేరమునకు ప్రేరేపించుట వేఱు. మూడవదానినే చట్టము అడ్డవచ్చునని ఆ తీర్పు సారము. కొట్టివేసిన పిమ్మటను ఆ సెక్షను క్రింద కేసులు పెట్టుచుండుట జూచి 2021లో సుప్రీంకోర్టే విస్మయమొందెను. పాలకుని చేతికి కత్తి యిచ్చితిమేని అది అబద్ధీకుని కంటె ముందు ప్రశ్నించువాని మెడమీదనే పడును. కావున మన కట్టుబాటు మనమే చేసికొనవలయును.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని సామెత. మన యింటి సంగతి చెప్పుదుము, కోపింపకుడు. క్రిందటి యేడు మనవారి యొక జిల్లా గ్రూపునందు మేము కన్నులార చూచినది. డిగ్రీ చదువు ఒక బాలిక విద్యార్థి వసతిగృహమునకై వసూలైన చందాల లెక్కను సభ్యులకు తెలుపవలయునని మర్యాదగా నడిగెను. అరగంటలో ఆమె పేరు గ్రూపునుండి తొలగింపబడెను. ఆ వారమే పరకులములవారిని దూఱుచు వచ్చిన మూడు ఫార్వర్డులకు మెప్పుగుర్తులు వరుసగా పడెను. వానిని పంపినవారి నెవరును తొలగింపలేదు. ఏల యిట్లు చేసితిరని మేమడుగగా, ఆడపిల్ల పెద్దల నెదిరింపరాదని ప్రత్యుత్తరము వచ్చెను. బిడ్డలను చదివింపుడని నలువది యేండ్లుగా తీర్మానించుచున్నాము. చదివిన బిడ్డ ప్రశ్నింపగా నోరు మూయించుచున్నాము. లెక్క అడుగుట చర్చ. పరకులమును హింసింపుమనుట ప్రేరేపణము. మనము మొదటిదానిని శిక్షించి రెండవదానిని సత్కరించితిమి.

కనుక ఈ మహాసభ ముందు నాలుగు ప్రతిపాదనలుంచుచున్నాము. మొదటిది: మన గ్రూపులలో ఏ వార్తను పంపువాడైనను, చెప్పినదెవరు, ఎప్పుడు, ఎచ్చట అను మూడింటిని తెలుపవలయును. తెలియనిచో పంపరాదు. రెండవది: ఏ కులమునుగాని, మతమునుగాని, స్త్రీనిగాని అవమానించు మాటకు చోటియ్యరాదు. ముఖ్యముగా అన్యకులమున వివాహమాడిన మన బిడ్డల ఫోటోలను త్రిప్పుట పూర్తిగా నిషేధింపవలయును. దానివలన ప్రాణాపాయమే కలుగవచ్చును. మూడవది: ప్రశ్న యడిగినందులకు ఎవరిని తొలగింపరాదు, పదునైదు దినములలో ప్రత్యుత్తర మియ్యవలయును, ఆ బాలికను మఱల చేర్చుకొని, ఆమె యడిగిన లెక్కను వచ్చు సంచికలోనే ప్రకటింపవలయును. నాల్గవది: అబద్ధమని తేలిన మాటను పంపినవాడు అదే గ్రూపున, అందఱెదుట, దానిని తన పేరుతో ఉపసంహరింపవలయును.

ఇవి కష్టమైన పనులు కావు. పాఠశాలలో బాలుడు "అందఱు ననుచున్నారండీ" యనగా, "అందఱనగా నెవరురా?" యని యుపాధ్యాయు డడుగును. ఆ ప్రశ్నను పెద్దలము మనలను మనము వేసికొందుము గాక. సంఘమునకు సత్యము చెప్పువాడే, వాడు చిన్నవాడైనను, పరుడైనను, నిజమైన ఆప్తుడని గుర్తింతుము గాక.