టిక్కెట్టు కొనని ప్రయాణాలు
(సంఘం వార్షికోత్సవం, ఉగాది వేడుకలలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు పోయిన నెల ఫోన్ చేసి, "మీరు నేవీలో దేశాలన్నీ తిరిగారు కదండీ, నచ్చినవీ, పడ్డ పాట్లూ ఒక ఇరవై నిమిషాలు చెప్పండి. జనం కాస్త నవ్వాలి" అన్నారు. సరే అన్నాను. నవ్వించడానికి ప్రయత్నిస్తాను. మధ్యలో ఒకటి రెండు చోట్ల నవ్వు రాకపోతే మన్నించాలి.

ముందుగా ఒక విషయం. నేవీ వాడంటే డెక్కు మీద తెల్ల డ్రెస్సులో నిలబడి దేశదేశాల రేవులు చూస్తుంటాడని మా ఊళ్ళో అందరి నమ్మకం. నేను 1981లో, పదిహేడో ఏట ఒడిశాలోని చిల్కా శిక్షణ కేంద్రంలో చేరాను. ఆ తర్వాత నాకిచ్చిన బ్రాంచి ఇంజనీరింగ్. అంటే నా ఉద్యోగం నీటిమట్టానికి దిగువన, ఇంజిన్ గదిలో. పైన ఏ దేశం వచ్చినా కింద మాకు వచ్చేది వేడి, చప్పుడు, నూనె వాసన. మా మెస్‌లో ఒక పెద్దాయన అనేవారు: "ఒరేయ్, మనం ప్రపంచమంతా తిరిగాం, కానీ నేలమాళిగలో తిరిగాం" అని. ఆర్మీ అన్నలు రైలు బెర్తు కోసం పడ్డ తిప్పలు నాకు తెలుసు. మాకు బెర్తు ఉండేది, కిటికీ ఉండేది కాదు. అంతే తేడా.

నా మొదటి విదేశీ ప్రయాణం 1986లో. శిక్షణ యాత్ర మీద మా ఓడ హిందూ మహాసముద్రంలో దక్షిణంగా వెళ్ళింది. భూమధ్యరేఖ దాటే రోజున మొదటిసారి దాటేవాళ్ళకి ఒక తంతు ఉంటుంది. సీనియర్లలో ఒకాయన కొబ్బరిపీచు గడ్డం, త్రిశూలం పెట్టుకుని సముద్రరాజు వేషం కడతాడు. కొత్తవాళ్ళని ఆయన దర్బారులో నిలబెట్టి, నేరాలు చదివి, మొహానికి రంగూ, పిండీ పూసి, నీళ్ళ తొట్టిలో ముంచుతారు. నా మీద మోపిన నేరం "ఇంజిన్ గదిలో ఆవకాయ దాచుట". నేరం నిజమో కాదో ఈ సభలో చెప్పను. శిక్ష మాత్రం పడింది.

సీషెల్స్‌లో విక్టోరియా రేవు దగ్గర ప్రపంచంలోకెల్లా పెద్ద గింజ చూశాను. కోకో డి మేర్ అంటారు. రెండు కొబ్బరికాయలు అంటించినట్టుంటుంది. దాన్ని చూడగానే మా కోనసీమ స్నేహితుడు "దీన్ని ఒలిచేవాడికి కూలి ఎంతిస్తారు?" అని అడిగాడు. కోనసీమ వాడికి ఎక్కడికెళ్ళినా అదే లెక్క.

అక్కడి నుంచి మారిషస్, పోర్ట్ లూయిస్ రేవు. నా ప్రయాణాలన్నిటిలో నచ్చిన ఊరు ఏదని అడిగితే ఇదే చెబుతాను. ఎందుకో చెప్పడం కొంచెం కష్టం.

మీలో చాలామందికి తెలుసు, ఇంగ్లీషు వాళ్ళు బానిసత్వం రద్దు చేశాక చెరకు తోటల్లో పని చెయ్యడానికి మన దేశం నుంచి ఒప్పందం మీద కూలీలని పట్టుకెళ్ళారు. 1834 నవంబరు 2న మొదటి 36 మంది పోర్ట్ లూయిస్‌లో దిగారు. ఆ తర్వాత ఎనభై ఏళ్ళలో దాదాపు అయిదు లక్షల మంది ఆ రేవులో దిగి పదహారు మెట్లెక్కి వెళ్ళారు. ఆ చోటుని ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నేను వెళ్ళినప్పుడు ఇంకా కూలీ ఘాట్ అనే అనేవారు. ఆ కూలీలలో మన గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల వాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళ పిల్లల పిల్లలు ఇవాళ్టికీ సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ, రామభజన చేసుకుంటున్నారు. మనం ఇక్కడ ఈ రోజు ఉగాది పచ్చడి తిన్నామా, అక్కడ ఉగాది దేశమంతటికీ సెలవు.

మా ఓడ రేవు చేరిన రోజు మన హైకమిషన్ ద్వారా టపా సంచి వచ్చింది. సంచి తెరిస్తే ఓడంతా పండగ. నాకూ ఒక ఉత్తరం వచ్చింది, మా అన్నయ్య దస్తూరీ. నాన్న పోయి పదహారు రోజులైంది అని రాసి ఉంది. కర్మకాండలన్నీ అయిపోయాయి. ఇంటి నుంచి ఇచ్చిన టెలిగ్రాము విశాఖ అడ్రసుకి వెళ్ళింది, అప్పటికే మేం బొంబాయి నుంచి బయల్దేరిపోయాం. ఎవరినీ అనడానికి లేదు. ఆ రోజుల్లో వార్త నడిచే వేగమే అంత. నాన్న కాలం చేసిన రోజున నేనెక్కడున్నానా అని తేదీ లెక్క వేశాను. సముద్రరాజు దర్బారులో, మొహం నిండా రంగుతో ఉన్నాను.

ఆ సాయంత్రం అక్కడి తెలుగువాళ్ళు ఓడలో ఉన్న తెలుగు కుర్రాళ్ళని భోజనానికి పిలిచారు. నేను రానన్నాను. మా కోనసీమవాడు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. ఆ ఇంటి పెద్దాయనకి డెబ్భై పైనే ఉంటాయి. వాళ్ళు ఇంట్లో మాట్లాడేది క్రియోల్. తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు, చదవడం రాదు. నా మొహం చూసి, "ఏం బాబూ?" అన్నారు. ఉత్తరం తీశాను. చదవమన్నారు. చదివాను. ఆయనకి ఎంత అర్థమైందో తెలియదు కానీ, "నాన్న", "సింహాచలం" అన్న మాటల దగ్గర తల ఊపారు.

మర్నాడు తెల్లవారకుండానే ఆయన, ఇద్దరు కొడుకులు నన్ను సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళారు. స్నానం చెయ్యమన్నారు. దోసిట్లో నీళ్ళు పట్టి నాన్న పేరు మూడుసార్లు చెప్పి వదలమన్నారు. "నాకు మంత్రాలు రావు బాబూ, మా తాత నేర్పింది భజన ఒక్కటే" అని, ఒడ్డున కూర్చుని ఆ ముగ్గురూ రామభజన పాడారు. ఉచ్చారణ వేరేగా ఉంది, వరస మాత్రం మా ఊరి భజనమందిరం వరసే. వాళ్ళ ముత్తాత ఏ ఊరివాడో వాళ్ళకి తెలియదు. అప్పన్న కొండ కనిపించే ఊరు అని మాత్రం తెలుసు. మా ఊరూ అదే. అంటే మా ఊరే అని కాదు, అప్పన్న కొండ కనిపించే ఊరని.

మరుసటి రోజు మా ఓడ బయల్దేరింది. పెద్దాయన మళ్ళీ కనిపించలేదు. అప్పటి నుంచి ఏ దేశం వెళ్ళినా, ఆ ఊళ్ళో చూడాల్సినవి ఏమున్నాయని కాక, ఎవరున్నారని అడగడం అలవాటైంది.

ఇక రెండో ప్రయాణం. మూడు తల్వార్ తరగతి నౌకలు రష్యాలో కట్టించి 2003, 2004 సంవత్సరాల్లో మన నౌకాదళంలో చేర్చుకున్నాం. వాటిని తీసుకురావడానికి వెళ్ళిన బృందాల్లో నేనూ ఒకణ్ణి. అప్పటికి చీఫ్ పెట్టీ ఆఫీసర్ని. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, బాల్టిక్ నౌకానిర్మాణ కేంద్రంలో పని. వాల్వుకీ, పంపుకీ, పైపుకీ రష్యన్ మాటలు ముందొచ్చాయి, అన్నానికీ నీళ్ళకీ తర్వాత వచ్చాయి. హోటల్లో సూప్ వేడిగా లేదని చెప్పడానికి "ఉష్ణోగ్రత పడిపోయింది, పీడనం పెంచండి" అన్నామని నౌకాకేంద్రం అంతా నవ్వుకున్నారు.

ఆ ఊళ్ళో నీవా నది మీద వంతెనలు రాత్రి వేళ పైకి లేస్తాయి, పెద్ద ఓడలు పోవడానికి. మా బస నదికి అవతల వాసిల్యెవ్‌స్కీ ద్వీపంలో. ఏప్రిల్ చివర్లో ఒక రాత్రి ముగ్గురం ఊళ్ళో నుంచి కారులో వస్తుంటే టైరు పేలింది. టైరు మార్చుకుని నది దగ్గరికి వచ్చేసరికి మా కళ్ళ ముందే వంతెన రెండు ముక్కలై గాల్లోకి లేచింది. మా బస ఎదురుగా కనిపిస్తోంది, వెళ్ళడానికి దారి లేదు. చలి దాదాపు సున్నా డిగ్రీలు. తెల్లవారుజాము దాకా ఆగాలి.

పక్కన ఒక పెద్ద భవనం గుమ్మం దగ్గర కాపలా ఉన్న ముసలావిడ మమ్మల్ని చూసింది. ఏమీ అడగలేదు. లోపలికి రమ్మని టీ ఇచ్చింది, నల్ల రొట్టె కోసి పెట్టింది. మావాడొకడు అంచు ముక్క తినకుండా పక్కన పెట్టాడు. ఆవిడ ఆ ముక్క తీసి, పొడి కూడా చేత్తో ఊడ్చి, కాగితంలో చుట్టి వాడి జేబులో పెట్టింది. మాకు వచ్చిన రష్యన్‌లో అడిగితే చెప్పింది. జర్మన్లు ఊరిని ముట్టడించినప్పుడు ఆవిడకి ఏడేళ్ళు. ఆ ముట్టడి 1941 సెప్టెంబరు నుంచి 1944 జనవరి దాకా, 872 రోజులు. 1941 చలికాలంలో పిల్లలకి రోజుకి 125 గ్రాముల రొట్టె ఇచ్చేవారు. దాంట్లోనూ సగం రొట్టె కానిదే. "పిస్కర్యోవ్‌స్కొయ్ వెళ్ళు సినోక్, మా అమ్మ అక్కడుంది" అంది. సినోక్ అంటే బాబూ అని.

ఆదివారం వెళ్ళాం. అది శ్మశానవాటిక. దాదాపు 4,20,000 మంది పౌరులు, 50,000 మంది సైనికులు అక్కడున్నారు. చాలావరకు సామూహిక సమాధులే. పొడుగ్గా పచ్చిక దిబ్బలు, ఒక్కొక్క దిబ్బకి ఒక రాయి. రాయి మీద పేర్లు లేవు, సంవత్సరం ఒక్కటే. సైనికులదైతే నక్షత్రం, పౌరులదైతే సుత్తీ కొడవలీ గుర్తు. జనం ఆ రాళ్ళ మీద పూలతోపాటు రొట్టెముక్కలూ, చాక్లెట్లూ పెడుతున్నారు. ఆవిడ అమ్మ ఏ దిబ్బలో ఉందో ఆవిడకీ తెలియదు. మావాడు ఆ కాగితం పొట్లం తీసి 1942 అని ఉన్న ఒక రాయి మీద పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు సూయజ్ కాలువ. 1869లో తెరిచారు, 193 కిలోమీటర్లు, మధ్యలో ఒక్క లాకు కూడా లేదు. దాటడానికి దాదాపు ఒక పగలంతా పడుతుంది. ఇంజిన్ గదిలో ఉన్నవాళ్ళని వంతులవారీగా పైకి పంపారు. పైకొచ్చి చూస్తే రెండు పక్కలా ఇసుక, మధ్యలో మన ఓడ. ఎడారిలో నడుస్తున్నట్టుంది. ఓడ కట్టుతాళ్ళ పని చూడటానికి ఎక్కిన పడవవాళ్ళు డెక్కు మీదే దుకాణం తెరిచారు. ఫారోల కాలంనాటి పేపిరస్ మీద వేసిన బొమ్మలట. మా కుర్రాడొకడు పది డాలర్లు పెట్టి రాణీగారి బొమ్మ కొన్నాడు. రాజోలు వైపు నుంచి వచ్చిన ఇంకో కుర్రాడు దాన్ని వెలుతురులో పెట్టి, వాసన చూసి, "అన్నా, ఇది మా పెరట్లో అరటి డొప్పే" అన్నాడు. ఆ బొమ్మకి మెస్‌లో ఫ్రేము కట్టించి, కింద "అరటి మహారాణి" అని పేరు రాశారు.

మూడో ప్రయాణం ఒక్కటే నేను టిక్కెట్టు కొన్నది. నిజానికి మా అబ్బాయి కొన్నాడు. 2016లో నేనూ, మా ఆవిడా సింగపూర్ వెళ్ళాం. మేం దిగాం, మా పెట్టె దిగలేదు. అది ఇంకో దేశం చూసి మూడు రోజులకి వచ్చింది. ముప్పై ఏళ్ళు చీర తప్ప కట్టని మనిషి కోడలి డ్రెస్సులో సెరంగూన్ రోడ్డుకి చీర కొనడానికి వెళ్ళింది. "మీతో ప్రయాణమంటే ఇంతే" అంది. నిజానికి అది నాతో ఆవిడ చేసిన మొదటి విదేశీ ప్రయాణం. నేను ప్రపంచం చూస్తున్న ఇరవై ఏళ్ళూ ఆవిడ ఇల్లు చూసుకుంది.

అక్కడ మెట్రోలో క్రాంజి స్టేషన్‌లో దిగి, కొంచెం నడిస్తే యుద్ధ స్మారకం ఉంది. సమాధి కూడా దొరకని 24,000 మందికి పైగా సైనికుల పేర్లు రాతిగోడల మీద చెక్కి ఉన్నాయి. మన భారత సైన్యం వాళ్ళు వాటిలో ఎంతోమంది. దహనం చేసిన వాళ్ళకి వేరే స్మారకం ఉంది, అందులో దాదాపు 800 మంది, ఎక్కువమంది మనవాళ్ళే. పేర్ల పట్టికలో కొందరికి వివరాలు కూడా ఇచ్చారు. ఫలానా వారి కొడుకు, ఫలానా ఆవిడ భర్త, ఫలానా ఊరు, ఫలానా జిల్లా అని. మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల పేర్లు అందులో కనిపించాయి. ఆ ఆడవాళ్ళ పేర్లు నేను చదువుతుంటే మా ఆవిడ పక్కన నిలబడి వింది. కాసేపటికి, "ఈవిడకి ఉత్తరం ఎన్ని రోజులకి చేరిందో" అంది. ఇంకేం మాట్లాడలేదు.

పీటర్స్‌బర్గ్‌లో సమాధులున్నాయి, పేర్లు లేవు. క్రాంజి గోడల మీద పేర్లున్నాయి, ఆ పేర్లవాళ్ళకి సమాధులు లేవు. మారిషస్‌లో మనుషులున్నారు, ఊరి పేరు పోయింది. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు రాసి పెట్టి ఉంటే ఒక మనిషి మిగులుతాడు. లేకపోతే సంవత్సరం మాత్రం మిగులుతుంది.

అందుకని ఈ సభలో ఒక చిన్న మనవి. మనలో సియాచిన్ చూసినవాళ్ళున్నారు, కాంగోలో, లెబనాన్‌లో ఐక్యరాజ్యసమితి దళాల్లో పనిచేసినవాళ్ళున్నారు, విమానాల్లో ఖండాలు దాటినవాళ్ళున్నారు. మెస్‌లో చెబితే కడుపు చెక్కలయ్యేలా నవ్విస్తారు. కాగితం ఇస్తే "మనకి రాయడం రాదండీ" అంటారు. రెండు పేజీలు రాయండి చాలు. రాయలేకపోతే మనవలకి చెప్పండి, వాళ్ళ సెల్‌ఫోన్‌లో రికార్డు చేస్తారు. రహస్యాలు అక్కర్లేదు. తేదీ, ఊరు, మీకు టీ ఇచ్చిన మనిషి, మీ పక్కన నిలబడ్డ నేస్తం, ఇవి చాలు. మీ ఇంట్లో ఆవిడ చేత కూడా ఒక పేజీ రాయించండి. మీరు సముద్రం మీదో, మంచు మీదో ఉన్నప్పుడు ఇంట్లో ఏం జరిగిందో వాళ్ళకే తెలుసు. వచ్చే ఏడాది సంచికలో సగం పేజీలు వాళ్ళవే ఉండాలని నా కోరిక. కార్యదర్శిగారు ఇక్కడే ఉన్నారు, ఒప్పుకున్నట్టు తల ఊపుతున్నారు, అందరూ సాక్ష్యం.

ఇరవై నిమిషాలన్నారు, అయిదు నిమిషాలు ఎక్కువే తీసుకున్నాను. వెనక వంటవాళ్ళు పులిహోర గిన్నెల మూతలు తీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. 

జై హింద్.